వలస పోయినవారు, వలస వచ్చినవారు



నేటి ప్రసంగమునకు నాకు ఒసగిన విషయము వలస. నేను ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ప్రాచ్యకళాశాలలో గురువులకడ నేర్చిన నాలుగు ముక్కలును, గుంటూరు సీమ నల్లరేగడిలో తిరిగి కన్న నాలుగు సంగతులును తప్ప నాకు వేఱు సంపద లేదు. కావున రాజ్యాంగ విషయములను గూర్చి పెద్దమాటలు చెప్పబోను. మన ఊళ్ళనుండి పోయినవారిని గూర్చియు, మన ఊళ్ళకు వచ్చినవారిని గూర్చియు చెప్పెదను. ఆ సందర్భమున నేను చేసిన యొక తప్పును కూడ మీ యెదుట ఒప్పుకొందును.

ఉన్న ఊరును కన్నతల్లిని మన పెద్దలు ఒక్కమాటగా చెప్పినారు. అందుచేత ఊరు విడిచినవానిని చూచి జాలిపడుటయో, అనుమానపడుటయో మనకు అలవాటైనది. కాని తెలుగునాట ఊళ్ళ పేర్లు చూడుడు. ఉత్తరకోస్తాలో కొత్తవలస మొదలుగా వలస యను మాటతో ముగియు గ్రామములు ఎన్నియో కలవు. ఒకనాడు ఎవరో మూటలు నెత్తిన బెట్టుకొని వచ్చి నిలిచిన చోటులే అవి. వారి మునిమనుమలు నేడు ఆ ఊరికి పెద్దలు. నిన్న వచ్చినవానిని చూచి వారును "ఏ ఊరివాడవు?" అని అడుగుదురు.

మీ కళ్ళములలో ఎండు మిరపకాయనే చూడుడు. గుంటూరనగానే లోకమునకు మిరప జ్ఞప్తికి వచ్చును. ఆ మిరప మన దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ వైపు దీవులను చేరిన పిదప, 1498లో వాస్కో డ గామా కోళికోడు తీరమున దిగిన పిదప, పోర్చుగీసువారి ఓడలమీద అది మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలలో కారమునకు మిరియములే ఆధారము. శ్రీనాథ మహాకవి పల్నాటిలో జొన్నకూడు తిని విసిగినాడని చాటువులు వినుచుందుము. పాపము, ఆయన ఆ కూటిలోనికి కొరివికారము మాత్రము ఎఱుగడు. ఆయన నాటికి మిరప సముద్రము దాటలేదు. నేడు అది లేనిదే మనకు ముద్ద దిగదు. లాము పరిశోధనాక్షేత్రమున దానికి కొత్త వంగడములు కూడ పుట్టినవి. పరదేశపు మొక్క మన మన్ను పట్టి మనదైనది. మొక్క విషయమున మనకు లేని సంకోచము మనిషి విషయమున ఏల కలుగుచున్నదో ఆలోచింపవలసియున్నది.

ఊరు దాటుట శాస్త్రమునకు విరుద్ధమని మా తాతల కాలమున వాదించెడివారు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చిన మాట నిజమే. కాని అది ఉత్తరదేశీయులలో ఆచారమై యున్నదని ఆ సూత్రకారుడే చెప్పినాడు. పోవువారు లేనిచో వలదనవలసిన పని ఏమున్నది?

వచ్చువారి విషయమున మన రాజుల ధర్మము ఎట్టిదో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. చీరాల దాపున సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. మొదట గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ఒంగోలు జిల్లాలోను, అనగా తరువాతి ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. నేడు చిన్న పల్లె. ఒకప్పుడు మహా రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున అచ్చట నొక శాసనము వేయించినాడు. దానికి అభయశాసనమని పేరు. గాలివానకు దారి తప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు పూర్వపు రాజులు బలిమిని లాగికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప ఏమియు తీసికొనబోమని పరదేశి వర్తకులకు మాట యిచ్చెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఆ రేవున మరల అట్టి అభయమునే ప్రకటించెను. ఇందులో దయయు కలదు, లోకజ్ఞానమును కలదు. దోపిడిసొమ్ము ఒకమాఱు వచ్చును. అభయమిచ్చిన రేవునకు ఓడలు ఏటేట వచ్చును.

ఇక పోయినవారి కథ. 1832-33లో, నందన సంవత్సరమున, గుంటూరు సీమను మహా కఱవు పట్టినది. దానినే డొక్కల కఱవనిరి. ఐదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వఱకు నశించిరని లెక్క. మద్రాసు పోవు బాటల వెంట శవములు పడియుండెను. ఆ కాలముననే ఆంగ్ల రాజ్యములలో బానిసత్వము రద్దగుటచే చెఱకుతోటలకు కూలివారు కావలసివచ్చిరి. 1834 నుండి మన దేశీయులు ఒడంబడిక కూలీలుగా మారిషసునకు పోసాగిరి. కోరంగి రేవున ఓడ ఎక్కిపోయిన కారణమున తెలుగువారికి ఆ దీవిలో కోరంగీలని పేరు వచ్చినది. నేటికిని అచ్చట ఉగాది పండుగకు ప్రభుత్వము సెలవు ఇచ్చుచున్నది. 1860లో మద్రాసునుండి బయలుదేఱిన ట్రూరో యను ఓడ నటాలు చేరినది. అందును తెలుగువారు కలరు. 1903 నుండి మద్రాసు ఓడలు ఫిజీకిని పోయినవి. 1917లో ఈ ఒడంబడిక కూలీల ఎగుమతి ఆగినది.

అన్నింటికంటె మనకు దగ్గఱిది బర్మా. రంగూనునే మనవారు రంగమనిరి, నేడు యాంగోననుచున్నారు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి ఓడలలో పైతట్టున కూర్చుండి, మేస్త్రీ యిచ్చిన బయానా అప్పు నెత్తిన బెట్టుకొని, వేలకొలది జనము పోయిరి. 1931 జనాభా లెక్కలలో రంగము నగరమున సగమునకు పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవారు, రిక్షాలు లాగినవారు, వీధులు ఊడ్చినవారు మనవారు.

నా మేనమామ 1937లో కాకినాడ రేవున ఓడ యెక్కెను. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది. ఒక బియ్యపు మిల్లులో మూటలు మోసి, పిదప చిన్న అంగడి పెట్టుకొని, అచ్చటనే పుట్టిన తెలుగుపిల్లను పెండ్లాడెను. 1941 డిసెంబరున జపానువారు రంగముపై బాంబులు వేసిరి. నాలుగైదు లక్షల భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేఱిరి. దారిలో అనేక వేలమంది చనిపోయిరి. మా మామ ఆ దారి పట్టక ఒక బర్మా రైతు ఇంట తలదాచుకొని బ్రదికెను. ఆ రైతు పేరు ఆయన చచ్చువఱకు ప్రొద్దున లేవగానే తలచుకొనెడివాడు.

అట్టి బర్మావారికి మనపై కోపమేల వచ్చినది? ఈ మాట నిదానముగ తెలిసికొనవలెను. 1930 మే నెలలో రంగము రేవున మన తెలుగు కూలీలు సమ్మె చేసిరి. ఓడల కంపెనీలు వారి బదులు బర్మావారిని పనిలో పెట్టుకొనినవి. సమ్మె ముగియగానే మనవారిని పిలిచి వారిని పొమ్మనినవి. పొట్టమీద కొట్టబడిన బర్మావాడు, పొమ్మన్న దొరను కొట్టలేక, తన చోట నిలిచిన తెలుగు కూలివానిమీద పడినాడు. వందమందికి పైగా హతులైరి. ఇటు ధాన్యపు ధర పడిపోయి బర్మా రైతు అప్పులలో మునిగెను. 1937 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో నాలుగవ వంతు భూమి చెట్టియారుల చేతిలోనికి పోయెను. రైతు బాధ అబద్ధము కాదు. కాని భూమి పుచ్చుకొన్నవాడు వేఱు, దెబ్బ తిన్నవాడు వేఱు. ఎచ్చటనైనను పరదేశిపై కోపము ఈ విధముగనే గుఱి తప్పుచుండును.

1962లో అచ్చట సైన్యము రాజ్యము చేపట్టినది. 1964లో అంగళ్ళన్నియు ప్రభుత్వపరమైనవి. ఏబది, నూఱు చాట్ల నోట్లు చెల్లవనిరి. ఆ యేండ్లలో సుమారు మూడు లక్షల భారతీయులు బర్మా విడిచిరి. విశాఖపట్టణమున కంచరపాలెము వైపు బర్మా క్యాంపు అని నేటికిని ఉన్న పేట వారిదే. మా మామ 1964 చివర ఓడ దిగి, భార్యతోను ఇద్దఱు పిల్లలతోను ఒక రేకుపెట్టెతోను మా ఊరు వచ్చెను. ఇరువదియేడేండ్ల కష్టము ఆ పెట్టెలో సగమునకు వచ్చినది.

నాకప్పటికి ఆఱేండ్లు. వచ్చినవారిని ఊరు ఎట్లు చూచినదో నాకు జ్ఞాపకమున్నది. ఆయన పిల్లల తెలుగు యాసగా ఉన్నదని నవ్విరి. వారు తిన్నది ఏమి తిండియోనని ముక్కు మూసికొనిరి. బడిలో వారిని "బర్మావోళ్ళు" అని పిలిచిన గుంపులో నేనును ఉన్నాను. ఒకనాటి రాత్రి అరుగుమీద మామ మా తండ్రితో అనిన మాట నేను విన్నాను: "అక్కడ నన్ను కలా అన్నారు బావా, అంటే పైదేశం వాడని. ఇక్కడ బర్మావోడంటున్నారు. మరి నా ఊరేది?" మా తండ్రి బదులు చెప్పలేకపోయెను.

బదులు చెప్పినవాడు ఊరిలోని ఒక పెద్దమనిషి. ఆయన చదువుకొన్నవాడు కాదు. మఱునాడు రచ్చబండకడ నలుగురి యెదుట "ఈయన మన ఆడబిడ్డ తోడబుట్టినోడు. కాలవగట్టున నా జాగా మూడు సెంట్లు ఇస్తన్నాను, గుడిసె ఏసుకోమనండి" అనెను. అంతే. ఆ దినమునుండి నవ్విన నోళ్ళు మూసికొన్నవి. మా మామ ఆ గట్టున టీ బడ్డీ పెట్టి పిల్లలను చదివించెను. గణపతిదేవుడు శిలమీద వ్రాయించిన అభయమును ఆ పెద్దమనిషి నోటిమాటతో ఇచ్చినాడు. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలతో నాకు పని ఇందుచేతనే.

ఇక నా తప్పు చెప్పెదను. 2004వ సంవత్సరమున సంక్రాంతి దాటిన పిదప నేను పనిచేయుచున్న ఊరికి మిరపకోతలకు కూలివారు వచ్చిరి. కర్నూలు సీమనుండి, కోసిగి, ఆదోని వైపునుండి, అచ్చట వాన లేని యేట మనుషులు లారీలలో వచ్చి, పొలముల ప్రక్క పరదాపట్టలు కట్టుకొని, రెండు మూడు నెలలు కాయ కోసి పోవుదురని మీరెఱుగుదురు. అందులో ఒక తండ్రి ఎనిమిదేండ్ల కూతురును వెంటబెట్టుకొని బడికి వచ్చెను. "అయ్యోరా, రెండు నెలలు మా పాపను బడిలో కూచోబెట్టుకో సామీ. ఊర్లో మూడో తరగతి చదువుతాది" అని అడిగెను. నేనప్పుడు ప్రధానోపాధ్యాయుని పని చూచుచుంటిని. బదిలీపత్రము ఏదని అడిగితిని. లేదనెను. పత్రము లేనిదే చేర్చుకొనవీలులేదని పంపివేసితిని. నియమము పాటించితినని అనుకొంటిని.

ఆ బిడ్డ రెండు నెలలు కళ్ళములో కాయల రాశికి కావలి కూర్చుండెను, చంకలో తమ్ముడు. నేను సాయంకాలము ఆ దారిన పోవునప్పుడెల్ల లేచి నిలిచి "నమస్కారం అయ్యోరా" అనెడిది. నేను తల యూచి పోవుచుంటిని. మార్చి ఆఖరున వారు పోయిరి. ఆ బిడ్డ పేరు కూడ నేను అడుగలేదు.

ఏడేండ్లకు నా కుమారుడు అమెరికాలో ఒక పట్టణమునుండి వేఱొక పట్టణమునకు ఉద్యోగము మాఱెను. నా మనుమరాలికి అప్పటికి ఎనిమిదేండ్లే. జనవరి నెల, చదువు నడుమనున్నది. ఇంటి చిరునామా కాగితమును, టీకాల కాగితమును చూపగా ఆ ఊరి బడివారు మఱునాడే పిల్లను తరగతిలో కూర్చుండబెట్టిరని వాడు ఫోనులో సంతోషముగ చెప్పెను. నాకా రాత్రి నిద్రపట్టలేదు. ఏ సంబంధమును లేని పరదేశపువారు నా మనుమరాలికి చేసినది, నేను మన తెలుగుబిడ్డకు చేయలేకపోతిని. విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిలు మొదటి తేది నుండి అమలైనది. బదిలీపత్రము ఆలస్యమైనదని గాని, చదువు నడుమ వచ్చినదని గాని బిడ్డను చేర్చుకొనకుండుటకు వీలులేదని అందున్నది. నా తప్పు నాటికి ఆ చట్టము లేదు. కాని చాప వేసి ఒక బిడ్డను కూర్చుండబెట్టుటకు చట్టము కావలెనా? ఆ పిదప 2018లో ఉద్యోగము విడుచువఱకు కోతల కాలమున వచ్చిన ఏ బిడ్డను నేను త్రిప్పిపంపలేదు. అది ఆ మొదటి బిడ్డకు ముట్టదని నాకు తెలియును.

నేడు మన పల్లెలలో అమెరికాలో బిడ్డలు లేని వీధి అరుదు. ఆ దేశము తలుపు మనకు ఎల్లప్పుడును తెఱచియుండలేదు. 1917 చట్టముచే ఆసియావారిని చాలవఱకు రానీయలేదు. 1946లో భారతీయులకు ఏటికి నూఱుగురని హద్దు పెట్టి కొంచెము తెఱచిరి. 1965 చట్టముతో జాతిని బట్టి ఎంచు పద్ధతి పోయినది. 1922లో అచ్చటకు పోయిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోదకాలు వ్యాధికి మందు మొదలుగా ఎన్నియో ఔషధముల పరిశోధన నడిపి, 1948లో మరణించువఱకు ఆ దేశపు పౌరుడు కాకయే ఉండిరి. ఆయన శ్రమఫలము ఆ దేశమునకును చెందినది, మన తీరమందలి రోగులకును చెందినది. 1946లో నెలకొన్న గుంటూరు వైద్యకళాశాలలో చదివి అమెరికా చేరిన వైద్యులు గుంటూరు ప్రభుత్వ వైద్యశాలకు భవనములు కట్టుటకు ధనమిచ్చిరి. పోయినవాడు ఊరికి చచ్చినవాడు కాడు.

2017 ఫిబ్రవరిలో ఆ దేశమున కాన్సస్ రాష్ట్రపు ఓలేత్ పట్టణమున ఒక తెలుగు ఇంజనీరును ఒకడు మా దేశము విడిచిపొమ్మని అఱచుచు కాల్చి చంపెను. ఆ వార్తకు మన ఇండ్లలో పొయ్యి వెలుగలేదు. కాని అదే చోట అమెరికావాడే ఒకడు ఆ హంతకునికి అడ్డుపోయి గుండు దెబ్బ తినెను. ఆ పరదేశి తనకు చుట్టము కాడు. ఈ రెండు మాటలను కలిపియే మనము జ్ఞాపకముంచుకొనవలెను.

2025 సెప్టెంబరున ఆ దేశాధ్యక్షుడు కొత్తగా వచ్చు పనివారి అర్జీలకు లక్ష డాలర్ల రుసుమును ప్రకటింపగా, మా రచ్చబండకడ పెద్ద కలకలము పుట్టెను. "కష్టపడి పనిచేసే పిల్లల్ని రావద్దంటారా? న్యాయమా?" అని ఒక రైతు నన్ను నిలువదీసెను. న్యాయము కాదనియే నేనును అంటిని. నెల తిరుగకముందే ప్రత్తితీతకు కర్నూలువారు వచ్చిరి. వారి ఆడువారు ఊరి బోరుకడ బిందె పెట్టగా "మీ నీళ్ళు మీరు చూసుకోండి" అని త్రోసిపుచ్చినవాడు ఆ రైతే. ఆయన చెడ్డవాడు కాడు. ఆ రెండు మాటలును ఒకదానికొకటి ఎదురని ఆయనకు తోచలేదు. అంతే.

మన ఊరి కూలివారికిని ఒక బాధ కలదు. "వాళ్ళు తక్కువకు వస్తన్నారు పంతులుగారూ, మా కూలి పడిపోతంది" అని నాతో అనినవారున్నారు. అది వినదగిన మాట. రంగము రేవున బర్మా కూలివాడు అనినదియు అదే. దానికి మందు వచ్చినవానిని తఱుముట కాదు. తక్కువకు పిలుచుట మానవలెను. కోసిన కాయకు ఊరివానికెంతయో వచ్చినవానికి అంతయే తూకమునుబట్టి ఇచ్చినచో, వచ్చినవాడు ఊరివాని నోటి కూడు తీయడు. ఆ కూలి మేస్త్రీ చేతికి గాక వారి చేతికే ముట్టవలెను.

పెద్దలారా, మీరు మనసు పెట్టినచో జరుగు పనులు మూడే. కోతలవారు దిగిన దినమున వారికి నీటితావును నీడయు చూపుడు. ఊరివారికిని వారికిని కూలి ఒక్కటేనని రైతులచేత అనిపింపుడు. వారి బిడ్డలను బడికి పంపుడు. పంతులు పత్రము అడిగినచో చట్టము చెప్పుడు, నా కథయు చెప్పుడు. ఇందులో ఏదియు ప్రభుత్వము వచ్చి చేయవలసినది కాదు.

మన ధాన్యపు కొట్లలో ఇచ్చునప్పుడొక కుంచము, పుచ్చుకొనునప్పుడొక కుంచము పెట్టిన షావుకారును మనము దొంగయంటిమి. మన బిడ్డలు ఏ దేశము పోయినను అచ్చటివారు ఏ కుంచముతో కొలువవలెనని మనము కోరుచున్నామో, మన పొలమునకు వచ్చినవారిని ఆ కుంచముతోనే కొలుతము.